ఇంటి రీఫ్ ట్యాంకులో పగడాల ఫ్రాగింగ్: ఎక్కడ కోయాలి, ఎలా అంటించాలి, ఎలా నిలబెట్టాలి

మందారం కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే వేళ్లు తొడుగుతుంది. ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి ఆక్వేరియాన్ని రీఫ్ ట్యాంకు అంటారు. అందులోని పగడం సంగతీ దాదాపు అంతే. ఆరోగ్యంగా ఉన్న పగడం నుంచి చిన్న ముక్క కోసి రాయి మీద అంటిస్తే, అది గాయం మాన్చుకుని, రాయిని పట్టుకుని, సొంతంగా పెరగడం మొదలుపెడుతుంది. ఆ ముక్కను ఫ్రాగ్ అనీ, ఈ పనిని ఫ్రాగింగ్ అనీ అంటారు.

సముద్రంలోనూ ఇది జరిగేదే. తుఫాను అలలకు అక్రోపొరా లాంటి కొమ్మల పగడాలు విరిగి పడతాయి. కదలకుండా ఒకచోట నిలిచిన ముక్కలు అక్కడే అతుక్కుని కొత్త కాలనీలవుతాయి. మనకు ఒకే జీవిగా కనిపించే పగడం చాలావరకు పాలిప్‌లనే వందల చిన్న జీవుల సమూహం. ప్రతి పాలిప్‌కీ సొంత నోరు, సొంత కడుపు ఉంటాయి. పక్క పాలిప్‌తో పలచని కండ కలిసి ఉంటుంది. అన్నీ ఒకే పాలిప్ నుంచి పుట్టిన నకళ్లే కాబట్టి కొన్నిటిని విడదీసినా బతకగలవు.

ఎందుకు కోయాలి? పెరిగిన పగడం పక్కదానికి వెలుతురు అడ్డుతుండొచ్చు, లేదా దాన్ని కుడుతుండొచ్చు. మీకు నచ్చిన రకం మరోచోట కూడా కావాలనిపించొచ్చు. నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మీ దగ్గరున్న మంచి పగడం ముక్క ఒకటి స్నేహితుడి ట్యాంకులో కూడా ఉంటే, మీ హీటర్ పాడైపోయిన రోజున ఆ రకం పూర్తిగా చేజారిపోదు.

కోత రెండు నిమిషాల పని. ముక్క బతకడం మాత్రం కోతకు ముందు తల్లి పగడం ఎంత బలంగా ఉంది, కోత తర్వాత రెండు వారాలు నీళ్లు ఎలా ఉన్నాయి అనేదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఈ పగడాన్ని ఇప్పుడు కోయొచ్చా?

కొత్తగా తెచ్చిన పగడాన్ని వెంటనే కోయకండి. ప్రయాణం, కొత్త నీళ్లు, కొత్త వెలుతురు, వీటికి అలవాటు పడే పనిలోనే దాని శక్తి అయిపోతుంది. మీ ట్యాంకులో కనీసం రెండు మూడు నెలలు ఉండి, కంటికి తెలిసేలా పెరిగాక కోయండి. పెరుగుదల గుర్తుపట్టడం కష్టం కాదు. కొమ్మల పగడాలకు చివర్లు లేత రంగులో ఉంటాయి. పళ్లెంలా పరుచుకునే వాటికి అంచు చుట్టూ తెల్లటి గీత ఉంటుంది. హ్యామర్, టార్చ్ అనే పెద్ద పాలిప్‌ల పగడాల్లాంటి వాటికి పక్కనుంచి చిన్న తలలు పుడుతుంటాయి.

రంగు వెలిసినది, అడుగునుంచి కండ వెనక్కి తగ్గి తెల్లటి సున్నపు గూడు బయటపడుతున్నది, పగలు కూడా పాలిప్‌లు ముడుచుకుని ఉన్నది అయితే వదిలేయండి. ఒక మినహాయింపు ఉంది. కొమ్మల పగడం అడుగు నుంచి పైకి చనిపోతూ వస్తుంటే, ఇంకా బాగున్న కొసలను కోసి కాపాడుకోవడం తప్ప దారి ఉండదు. అప్పుడు ఆగకూడదు. చచ్చిన భాగానికి పైన, బతికి ఉన్న కండలో ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్లి కోయాలి.

నీళ్లు పరీక్షించండి. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల సెల్సియస్, లవణీయత 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35) అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.026, ఆల్కలినిటీ (నీళ్లలో ముఖ్యంగా కార్బనేట్ల మోతాదు) దాని కొలమానంలో 8–9 డీకేహెచ్, కాల్షియం లీటరుకు 400–450 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1250–1350. నైట్రేట్ 5–15, ఫాస్ఫేట్ 0.03–0.1 మధ్య ఉంటే బాగు. పోషకాలు పూర్తిగా సున్నా అయిన ట్యాంకులో పగడాలు పాలిపోతాయి, గాయాలు నెమ్మదిగా మానతాయి. ఈ అంకెల్లో ప్రతిదీ కచ్చితంగా కుదరాలన్న టెన్షన్ వద్దు. ఆల్కలినిటీ 7.5 దగ్గర నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకు, వారంలో 7 నుంచి 10కి ఊగే ట్యాంకు కంటే చాలా మేలు. కోతకు ముందు వారం, తర్వాత రెండు వారాలు కొత్త మందులు, కొత్త లైట్లు, పెద్ద నీటి మార్పులు ఏవీ పెట్టుకోకండి.

చట్టం మాట కూడా ఇక్కడే. గట్టి సున్నపు గూడు కట్టుకునే రాతి పగడాలన్నీ, ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశాల మధ్య వాటిని తరలించాలంటే అనుమతి పత్రాలు కావాలి. కొన్ని దేశాల్లో పగడాన్ని దగ్గర ఉంచుకోవడం మీదే ఆంక్షలున్నాయి. మీరున్న చోట నిబంధనలేమిటో పగడం తెచ్చుకునే ముందే తెలుసుకోవాలి, ఫ్రాగ్ ఇచ్చిపుచ్చుకునే ముందు ఇంకోసారి చూసుకోవాలి.

కత్తి పట్టేముందు: పాలీటాక్సిన్

ఈ భాగాన్ని దాటేసి ముందుకెళ్లకండి. పువ్వుల్లాంటి పాలిప్‌లు గుంపుగా పెరిగే, జోవాలుగా అందరూ పిలిచే జోయాంథిడ్లలో, ముఖ్యంగా పాలితోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. హవాయి తీరంలో దొరికే పాలితోవా టాక్సికా అనే జీవి నుంచి శాస్త్రవేత్తలు దీన్ని వేరుచేసిన సంగతి 1971లో బయటికొచ్చింది. శరీర కణాల్లో సోడియం, పొటాషియం సమతుల్యాన్ని చూసుకునే పంపును ఇది తెరిచిన తలుపులా మార్చేస్తుంది. సముద్రజీవుల్లో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి. ఏ జోవాలో ఎంత ఉందో రంగు చూసి చెప్పలేం. కాబట్టి అన్నిటిలోనూ ఉందనుకునే పని చేయాలి.

విషం లోపలికి వెళ్లే ముఖ్యమైన దారులు మూడు: చర్మం మీద గాయాలు, కళ్లలో పడే తుంపర, ఊపిరితో పీల్చే ఆవిరి. మూడోది చాలామందిని ఆసుపత్రి పాలు చేసింది. జోవాలున్న రాయిని ఎప్పుడూ, ఏ కారణంతోనూ ఉడకబెట్టకూడదు. వేణ్నీళ్లు పోసి రుద్దడం, ప్రెజర్ వాషర్ కొట్టడం, ఎండిన రాయిని బ్రష్‌తో గీకడం కూడా చేయకూడదు. జోవాలను తిరిగే రంపంతో కోయకూడదు, తుంపర గాలిలోకి లేస్తుంది.

మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లవ్స్, పక్కలు మూసి ఉన్న కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. మామూలు చూపు కళ్లద్దాలు చాలవు. కిటికీలు తెరిచిన గదిలో పని చేయండి. పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచండి. వంటింటి సింకు దగ్గర, వంట గిన్నెలతో ఈ పని పెట్టుకోవద్దు. కోసిన కత్తి, తుడిచిన గుడ్డ, నీళ్లు పోసిన డబ్బా, అన్నిటినీ గ్లవ్స్ తీయకముందే బ్లీచ్ కలిపిన నీళ్లలో వేయండి.

నోట్లో లోహపు రుచి, పెదాలు తిమ్మిరెక్కడం, ఛాతీ బిగపట్టడం, ఊపిరి ఆడకపోవడం, జ్వరం, కండరాల నొప్పి, కళ్లు మండి ఎర్రబడడం: పగడాలతో పనిచేశాక వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆ గది నుంచి బయటికొచ్చి ఆసుపత్రికి వెళ్లాలి. పాలీటాక్సిన్ తగిలి ఉండొచ్చని మీరే డాక్టరుకు చెప్పాలి. మీరు చెప్పకపోతే డాక్టరుకు ఆ అనుమానం రాకపోవచ్చు.

సామాను

కొమ్మల పగడాలకు బోన్ కట్టర్ చాలు. గట్టి గూడు లేని మెత్తని పగడాలకు పదునైన సర్జికల్ బ్లేడు, కత్తెర. గుండ్రాయిలా పెరిగే రాతి పగడాలకు మాత్రం డైమండ్ బ్లేడు ఉన్న తడి బ్యాండ్ సా కావాలి. ఖరీదైన యంత్రం అది. ఒకటి రెండు పగడాల కోసం కొనే బదులు, ఉన్నవాళ్ల దగ్గరికి పగడాన్ని తీసుకెళ్లడం మంచిది. చేత్తో పట్టుకునే రోటరీ టూల్‌కు డైమండ్ చక్రం తగిలించి కొందరు పని కానిస్తారు. అది కుదురుతుంది, కానీ తుంపర ఎక్కువ, చేయి వణికితే గీత వంకర. ఏ కరెంటు యంత్రమైనా ఉప్పునీళ్ల పక్కనే తిరుగుతుంది కాబట్టి, లీకేజీ వస్తే కరెంటు తెంచే బ్రేకర్ ఉన్న లైను మీదే వాడాలి.

సైనోఅక్రిలేట్ సూపర్ గ్లూ కొనేటప్పుడు పలచటిది కాకుండా జెల్ రకం తీసుకోండి. నీళ్లలా ఉండే గ్లూ పగడం మీదికి పాకి కండను కాలుస్తుంది. ఎపాక్సీ పుట్టీ, ఫ్రాగ్ ప్లగ్‌లు (ముక్కను అంటించే చిన్న దిమ్మలు), వాటిని నిలబెట్టే ర్యాక్ కూడా కావాలి. ప్లగ్‌లను ముందురోజే ట్యాంకు నీళ్లలో నానబెడితే దుమ్ము పోతుంది. ట్యాంకులోనే కొన్ని వారాలు ఉంచి గులాబీ రంగు నాచు పట్టిన ప్లగ్ దొరికితే ఇంకా మేలు, వాటి మీద పచ్చ నాచుకు అంత త్వరగా చోటు దొరకదు.

మూడు డబ్బాల్లో ట్యాంకు నీళ్లు నింపండి: ఒకటి కోసిన ముక్కలు వేయడానికి, ఒకటి డిప్‌కి (మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచడానికి), ఒకటి కడగడానికి. గది చల్లగా ఉంటే చిన్న డబ్బాలో నీళ్లు త్వరగా చల్లారతాయి. అందుకే కోత మొదలుపెట్టేముందే అన్నీ చేతికందేలా సర్దుకోవాలి, ప్లగ్‌ల మీద పేర్లు కూడా రాసి పెట్టుకోవాలి. ముక్కలన్నీ అయ్యాక ఏది ఏదో గుర్తుండదు.

కోత: ఏ రకానికి ఎలా

రాతి పగడాలన్నిటికీ పనికొచ్చే సూత్రం ఒకటుంది: కండ తక్కువగా, గూడు ఎక్కువగా ఉన్న చోట కోయాలి. కొమ్మలో కండ ఎక్కడ ఆగిందో, పాలిప్‌ల మధ్య గట్టు ఎక్కడుందో ముందు వెతకండి. కత్తి ఆ గీత మీద పడాలి.

గ్రీన్ స్టార్ పాలిప్స్‌తో మొదలుపెట్టడం తేలిక. ఊదా రంగు చాపలా రాయి మీద పరుచుకుంటుంది. అంచు పట్టి లేపి కత్తెరతో ముక్క కోసి కొత్త రాయి మీద అంటిస్తే చాలు. జీనియా, కెన్యా ట్రీ లాంటివి కూడా మొండి రకాలే. చిన్న కాడ కత్తిరించి, గులకరాళ్లున్న డబ్బాలో వేసి, పైన సన్నని వల కట్టి, నీటి కదలిక తక్కువున్న చోట పెడితే పది పదిహేను రోజుల్లో ఏదో ఒక రాయిని పట్టుకుంటాయి. పట్టుకున్న రాయిని ప్లగ్ మీద అంటించుకోవచ్చు.

లెదర్ కోరల్ జిగటగా ఉంటుంది, దానికి గ్లూ నిలవదు. గొడుగు అంచు నుంచి ముక్క కోసి, ప్లాస్టిక్ టూత్‌పిక్ గుచ్చి, దాన్ని ప్లగ్‌కు అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండుతో కట్టాలి. మరీ బిగిస్తే రబ్బరే కోసేస్తుంది. లెదర్లు కోసినప్పుడు పక్క పగడాలకు పడని రసాయనాలు వదులుతాయి. అందుకని ట్యాంకులో ఆ రోజే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

మష్రూమ్ కోరల్‌ను నోటి మీదుగా రెండు లేదా నాలుగు ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకూ నోటి భాగం కొంత రావాలి. ఇంకో పద్ధతి, పై టోపీని కోసుకుని అడుగు కాడను రాయి మీదే వదిలేయడం. ఆ కాడ నుంచి మళ్లీ మష్రూమ్ వస్తుంది. ఈ ముక్కలకూ గ్లూ పట్టదు, వల కట్టిన గులకరాళ్ల డబ్బాయే గతి. అరుదైన మష్రూమ్ మీద ఈ పని నేర్చుకోకండి. మామూలు రకం మీద నాలుగైదుసార్లు చేశాకే దాని జోలికి వెళ్లండి.

జోవాలకు ఉత్తమమైన పద్ధతి పాలిప్‌లను అసలు ముట్టుకోకపోవడమే. అవి పెరిగిన రాయినే బోన్ కట్టర్‌తో చిన్న ముక్కలుగా విరవండి. రాయి పెద్దదైతే పాలిప్‌ల మధ్య ఉన్న చాపను బ్లేడుతో నెమ్మదిగా గీసి, బ్లేడును రాయికి ఆనించి కింద నుంచి ఒలిచినట్టు లేపండి. ఒక్క పాలిప్ కూడా బతుకుతుంది గానీ, మూడు నుంచి ఐదు ఉన్న ముక్క త్వరగా పుంజుకుంటుంది.

అక్రోపొరా, మాంటిపొరా డిజిటాటా, స్టైలోఫొరా, బర్డ్స్‌నెస్ట్ లాంటి కొమ్మల పగడాలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల కొమ్మ చాలు. కట్టర్‌ను కొమ్మకు అడ్డంగా పట్టి ఒక్క నొక్కుతో తెంపాలి. మెల్లగా నలుపుతూ పోతే గూడు పగిలి కండ చిరుగుతుంది. అక్రోపొరా కొమ్మ కొసన ఒక ముఖ్యమైన పాలిప్ ఉంటుంది, కొమ్మ పొడవు పెరిగేది దాని వల్లే. కొస ఉన్న ముక్క వెంటనే పైకి లేస్తుంది. మధ్య ముక్క ముందు పైగాయం మూసుకుని, కొత్త కొస పుట్టించుకుని, ఆ తర్వాత పెరుగుతుంది. ఓపిక ఉంటే మధ్య ముక్కలు కూడా పారేయక్కర్లేదు. కోసినప్పుడు జిగురు కారుతుంది, కంగారు పడొద్దు. ఒకటి రెండు నిమిషాలు నీళ్ల బయట ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. సముద్రంలో పోటు తగ్గినప్పుడు కొన్ని అక్రోపొరాలు గాలికి తేలి కూడా బతుకుతాయి.

మాంటిపొరా క్యాప్రికార్నిస్ పళ్లెం అంచు చేత్తోనే విరుగుతుంది. ముక్కను పడుకోబెట్టి అంటించినా పెరుగుతుంది, నిలబెట్టినా పెరుగుతుంది. నిలబెడితే మాత్రం పైన మట్టి పేరుకోదు.

ఇక హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్, టార్చ్. వీటి దగ్గర అందరూ తొందరపడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. వీటిలో కొమ్మల రకం, గోడ రకం అని రెండున్నాయి. కొమ్మల రకంలో ప్రతి తలకూ వేరే కాండం ఉంటుంది, దాన్ని కోయొచ్చు. గోడ రకంలో కండ అంతా ఒకే పొడవైన పట్టీగా ఉంటుంది. దాన్ని కోస్తే నిలువునా తెరిచిన గాయం మిగులుతుంది, చాలాసార్లు కుళ్లు పట్టి తల్లీ పిల్లా రెండూ పోతాయి. గోడ రకాన్ని వదిలేయడమే నా సలహా.

కొమ్మల రకానికి ముందు పంపు ఆపండి. ఉబ్బి ఉన్న పగడాన్ని అలాగే పైకి లాగితే నీళ్ల బరువుకే కండ చిరుగుతుంది. నీళ్లలోనే చేత్తో నెమ్మదిగా అలలు సృష్టించి, అది పూర్తిగా గూట్లోకి ముడుచుకునే దాకా ఆగండి. కాండం మీద కండ ఎక్కడ ఆగిందో చూసి, దానికి కనీసం 2–3 సెంటీమీటర్ల కింద కోయండి. తల కింద గూడు బోలుగా ఉంటుంది. దగ్గరగా కోస్తే పగులు పైకి పాకి తలను చీలుస్తుంది. లావు కాండాన్ని బోన్ కట్టర్‌తో ఒకేసారి నొక్కకుండా, రోటరీ టూల్‌తో చుట్టూ గాడి గీసి అక్కడ తెంపితే కోత శుభ్రంగా వస్తుంది. డంకన్, క్యాండీ కేన్ రకాలకూ ఇదే పద్ధతి. ఇలా కోసినప్పుడు కండకు గాయమే కాదు కాబట్టి, సరిగ్గా చేస్తే మర్నాటికే తల విప్పుకుంటుంది.

ఫేవియా, మైక్రోముస్సా లాంటి గుండ్రటి రాతి పగడాలను పాలిప్‌ల మధ్య గట్టు వెంబడి కోయాలి. ప్రతి ముక్కలో కనీసం ఒక పూర్తి నోరు ఉండాలి, రెండు మూడు ఉంటే నయం. బ్లేడు మీద నీళ్లు ఆగకుండా పారాలి, వేడెక్కితే అంచు కండ ఉడికిపోతుంది. ముక్కను బ్లేడు మీదికి తోయకుండా, బ్లేడు తినే వేగంతోనే ముందుకు జరపండి.

ఒకే పెద్ద నోరున్న స్కోలిమియా, ట్రాకిఫిలియా లాంటివి కోయడానికి కాదు. కోసినవాళ్లు లేరని కాదు, కానీ అందమైన పగడాన్ని పణంగా పెట్టి గెలిచేది తక్కువ.

డిప్

మీ ట్యాంకులోనే పెరిగిన, చీడలు లేని పగడానికి అయోడిన్ కలిపిన తేలికపాటి డిప్ చాలు. డబ్బా మీద రాసిన మోతాదు, సమయం దాటకండి. మధ్యలో డ్రాపర్‌తో నీళ్లు చిమ్ముతూ జిగురు, విరిగిన పొడి వదిలించండి. తర్వాత శుభ్రమైన ట్యాంకు నీళ్లలో కడగండి. డిప్ నీళ్లు ట్యాంకులోకి వెళ్లకూడదు.

బయటి నుంచి వచ్చిన ముక్క అయితే చీడల డిప్ తప్పదు. అక్రోపొరాను తినే చదును పురుగులు, మాంటిపొరాను, జోవాలను తినే న్యూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) చాలావరకు డిప్‌లో రాలిపోతాయి. వాటి గుడ్లు మాత్రం చావవు. భూతద్దంతో అడుగు భాగం వెతికి, గుడ్లు కనిపిస్తే గీకేయాలి. ఆ తర్వాత కొన్ని వారాలు వేరే ట్యాంకులో ఉంచి, వారానికోసారి మళ్లీ డిప్ చేయాలి. పాత ప్లగ్‌ను తీసేసి ముక్కను కొత్త ప్లగ్ మీదికి మార్చడం ఇంకా మంచిది. గుడ్లు, ఐప్టాసియా అనే కలుపు ఎనిమోన్ పిల్లలు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

అంటించడం

చాలా ఫ్రాగ్‌లు పాడయ్యేది ఊడిపోయి ఇసుకలో పడడం వల్లే. అతుకు గట్టిగా కుదరాలంటే:

1. ముక్క అడుగును టిష్యూతో అద్ది తడి తీయండి. ప్లగ్ తల కూడా అంతే. కండను రుద్దకండి.
2. ప్లగ్ మీద శనగగింజంత జెల్ గ్లూ పెట్టి, దాన్ని రెండు మూడు క్షణాలు నీళ్లలో ముంచండి. పైన తెల్లటి పొర కడుతుంది.
3. ముక్క అడుగుకు కూడా కొంచెం గ్లూ రాసి, ఆ పొర పగిలేలా ప్లగ్‌లోకి నొక్కండి. ఇరవై ముప్పై క్షణాలు కదలకుండా పట్టుకోండి.
4. కోసిన తెల్లటి అంచు గ్లూలో పూర్తిగా మునగాలి, కండ అంచు గ్లూకు తగిలీ తగలనట్టు ఉండాలి. మధ్యలో తెల్లటి గూడు ఖాళీగా కనిపిస్తే ముందు నాచు దాన్ని ఆక్రమిస్తుంది, కండ కిందికి దిగే దారి మూసుకుపోతుంది.
5. డబ్బాలో పది నిమిషాలు ఉంచి, వేలితో మెల్లగా కదిపి చూశాకే ట్యాంకులో పెట్టండి.

సైనోఅక్రిలేట్ తేమ తగిలితేనే గట్టిపడుతుంది, అందుకే నీళ్లలోనూ పనిచేస్తుంది. గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది, పక్క నుంచి దెబ్బ తగిలితే ఊడుతుంది. బరువైన ముక్కలను ట్యాంకు లోపలి రాయి మీదే పెట్టాలంటే గ్లూ, మధ్యలో ఎపాక్సీ, మళ్లీ గ్లూ అని మూడు పొరలు వేయండి. ఎపాక్సీ ఒక్కటే వేస్తే గట్టిపడేలోపు జారిపోతుంది. ఎపాక్సీ వాడిన రోజు స్కిమ్మర్ (నురుగుతో నీళ్లలోని మలినం తీసే పరికరం) పొంగుతుంది, కప్పు మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇంకో చిట్కా. ఒకే తల్లి నుంచి వచ్చిన చిన్న ముక్కలను ఒకే పలక మీద ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో అంటిస్తే, అవి పరుచుకుని కలిసినప్పుడు పోట్లాడుకోకుండా ఒకే పగడంగా అతుక్కుంటాయి. అన్నీ ఒకే జన్యువులవి కదా. ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో డేవిడ్ వాన్ బృందం నెమ్మదిగా పెరిగే గుండ్రాయి పగడాలను ఇలాగే చిన్న చిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న రీఫ్‌ల మీద నాటే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. చిన్న ముక్క గాయం మాన్చుకునే ఊపులో చుట్టూ వేగంగా పాకుతుంది. ఇంట్లో ఫేవియా ఉన్నవాళ్లు ప్రయత్నించి చూడొచ్చు.

మొదటి రెండు వారాలు

ర్యాక్‌ను తల్లి ఉన్న చోటి కంటే తక్కువ వెలుతురులో పెట్టండి, దాదాపు సగం చాలు. వారం పది రోజుల్లో మెల్లగా పైకి తీసుకురండి. పగడాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటర్ దొరికితే, మెత్తని పగడాలకు 50–100, పెద్ద పాలిప్‌ల రాతి పగడాలకు 75–150, అక్రోపొరా లాంటి వాటికి చివరికి 200–350 దాకా లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

నీటి కదలిక వెలుతురు కంటే ముఖ్యం. కోసిన పగడం జిగురు వదులుతూనే ఉంటుంది. ఆ జిగురు గాయం మీద నిలిస్తే బాక్టీరియాకు పండగ. పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లను కదిపే పంపు) నేరుగా ముక్కను కొట్టకూడదు, అలాగని నీళ్లు నిశ్చలంగానూ ఉండకూడదు. అటూ ఇటూ మారుతూ వచ్చే కదలిక బాగుంటుంది. జిగురు పోగులు ముక్క మీద వేలాడుతుంటే కదలిక పెంచాలి. కండ ఒకవైపు నుంచి గూటికి అంటుకుపోయినట్టు నొక్కుకుపోతుంటే తగ్గించాలి.

ముక్కల మధ్య దూరం వదలండి. హ్యామర్, టార్చ్, గాలాక్సియా లాంటివి రాత్రిపూట పొడవాటి టెంటకిల్స్ చాచి పక్కవాటిని కుడతాయి. వాటి చుట్టూ 15 సెంటీమీటర్లు ఖాళీ ఉంచడం మంచిది. నత్తలు, సన్యాసి పీతలు ప్లగ్‌లను దొర్లిస్తాయి. ర్యాక్ రంధ్రాల్లో ప్లగ్ వదులుగా ఉంటే చుక్క గ్లూ పెట్టండి.

మొదటి ఐదారు రోజులు ముక్కలకు విడిగా మేత పెట్టకండి. నోరు తెరవని పగడం మీద పడిన మేత కుళ్లుతుంది, అంతే. రోజూ చేత్తో తీసి చూడడం కూడా మానండి.

ఏది మామూలు, ఏది ప్రమాదం? జోవాలు మూడు నాలుగు రోజులు ముడుచుకుని ఉండడం మామూలే. లెదర్ వారం పాటు వాడిపోయినట్టు ఉండి, మైనం లాంటి పొర వదిలి మళ్లీ విచ్చుకుంటుంది. అక్రోపొరా రంగు కాస్త గోధుమగా మారినా మళ్లీ వస్తుంది. కానీ కండ పొరలుగా ఊడి తెల్లటి గూడు గంటల్లో బయటపడుతుంటే ఆగొద్దు. మిగిలిన బాగున్న భాగాన్ని కోసి వేరుచేయండి, చచ్చినదాన్ని తీసేయండి.

హ్యామర్, టార్చ్ రకాలకు వచ్చే బ్రౌన్ జెల్లీ ఇంకా చెడ్డది. గోధుమ రంగు జెల్లీ తల మీద పేరుకుంటుంది, కంపు కొడుతుంది. అందులో కండను తినే ఏకకణ జీవులు, బాక్టీరియా ఉంటాయి. ప్రవాహంలో కొట్టుకెళ్లి పక్క తలలకు అంటుకుంటుంది. పంపులు ఆపి, సన్నని గొట్టంతో ఆ జెల్లీని బయటికి లాగేసి, తలను ట్యాంకు నుంచి తీయండి. బాగున్న తలలను అయోడిన్ డిప్ చేసి వేరే ట్యాంకులో ఉంచండి. సగం కరిగిన తలను కాపాడాలని చూడకండి.

తల్లి పగడాన్ని మరిచిపోవడం మామూలు. దాని గాయం మీద కూడా నాచు పట్టకుండా చూడాలి. కొమ్మల పగడాల్లో తెల్లటి కోత మీదికి కండ రెండు మూడు వారాల్లో కప్పుకుంటుంది, తరచూ అక్కడ ఒకటి పోయిన చోట రెండు మూడు కొసలు లేస్తాయి. ఒకేసారి కాలనీలో మూడో వంతుకు మించి కోయకండి.

ముక్కలు పెరగడం మొదలైతే ట్యాంకు కాల్షియం, ఆల్కలినిటీ వేగంగా తింటుంది. వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ చూసి డోసింగ్‌ను (వాటిని నీళ్లలో కలిపే మోతాదును) కొంచెం కొంచెం సర్దండి. ఒకే రోజులో 1 డీకేహెచ్ పెంచేసే తొందర వద్దు.

ఫ్రాగ్ ఎప్పుడు సిద్ధం?

కండ గ్లూను దాటి ప్లగ్ మీదికి పాకడం కనిపించాలి. మాంటిపొరా, స్టైలోఫొరాలకు మూడు నాలుగు వారాల్లో అది కనిపించొచ్చు, అక్రోపొరాలకు ఆరు వారాలు పట్టొచ్చు. ప్లగ్ మీద పాకని హ్యామర్ లాంటి వాటికి, తల పూర్తిగా విచ్చుకుని మేత తీసుకుంటోందా అన్నదే గుర్తు. నిన్న కోసి ఇవాళ ఇచ్చేసిన ముక్క ఇద్దరికీ తలనొప్పి. ఎవరైనా అలా ఇస్తే తీసుకోకండి.

ఇచ్చేటప్పుడు ముక్క నీళ్ల మధ్యలో తేలేలా, ప్లగ్‌ను చిన్న థర్మాకోల్ ముక్కకు గుచ్చి తలకిందులుగా వేలాడదీస్తే కండ సంచికి రుద్దుకోదు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి. వేడి, చల్లదనం తగలని పెట్టెలో పెట్టండి. తీసుకెళ్లేవాళ్లకు మీ ట్యాంకు లవణీయత, ఆల్కలినిటీ, ముక్క ఉన్న చోటి వెలుతురు, కోసిన తేదీ రాసి ఇవ్వండి. వాళ్ల ఆల్కలినిటీ మీదానికంటే 2 డీకేహెచ్ పైగా తేడా ఉంటే, ముక్కను ముందుగా మెత్తని వెలుతురులో ఉంచమని ఆ చీటీలోనే రాయండి.